లైట్ల గదిలో కోడికూత

"వాపు పోయిందమ్మా," అంది డాక్టరమ్మ.

కళ్ళు పరీక్షించే యంత్రం మీద గడ్డం పెట్టి, నుదురు పట్టీకి ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చుని ఉన్నాను. ఆవిడ సన్నటి వెలుగు గీతని ఒక కంట్లోంచి ఇంకో కంట్లోకి తిప్పి తిప్పి చూస్తోంది.

"రెండు కళ్ళలోనూ పోయిందా?"

"రెండిట్లోనూ పోయింది. నీటిలో మడ్డి తేలుతున్నట్టు ఉండేది కదా లోపల, ఇప్పుడు తేటగా ఉంది."

అంతే! ఎగిరి లేచాను. ఠంగుమని నుదురు యంత్రానికి కొట్టుకుంది. పక్కనే కూర్చున్న మా ఆయన "అయ్యో, దెబ్బ తగిలిందా" అనడం మానేసి "యంత్రానికేం కాలేదుగా డాక్టరుగారూ" అన్నాడు. ఇంకో రోజైతే దానికి నేను ఒంటికాలి మీద లేచేదాన్ని. ఇవాళ పకపకా నవ్వాను.

"కూర్చోండి, నేను చెప్పేది ఇంకా ఉంది," అంది ఆవిడ. "మందు చుక్కలు ఒక్కసారిగా ఆపెయ్యకూడదు. ఇకనుంచి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వేస్తే చాలు. ఈ జబ్బు మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు. కన్ను ఎర్రబడినా, నొప్పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా ఆ రోజే వచ్చెయ్యండి. మొదటిసారిలా మందులషాపుల చుట్టూ తిరగొద్దు."

మొదటిసారి తిరిగిన మాట నిజమే. ఎడమ కన్ను ఎర్రబడితే కళ్ళకలక అనుకుని ఎవరో చెప్పిన చుక్కలు వేసుకున్నాను. నాలుగు రోజులకి కన్ను లోపల ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు నొప్పి. కిటికీ తెరిస్తే ప్రాణం పోయేది. ఎదురుగా నల్లటి ఈగలు తిరుగుతున్నట్టుండేది. కొడితే చావవు, కన్ను ఎటు తిప్పితే అటే వస్తాయి. ఆ తర్వాత కుడి కన్ను నేనేం తక్కువ తిన్నానా అని అదీ మొదలుపెట్టింది. అప్పుడు ఈ డాక్టరమ్మ దగ్గరికి వచ్చి పడ్డాం. కంటి లోపలి పొర వాచిందనీ, పేరు యువియైటిస్ అనీ, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదనీ, వైద్యం సరిగ్గా చెయ్యకపోతే చూపు పోతుందనీ చెప్పింది ఆవిడే.

అంటుకోదని ఆవిడకి తెలుసు, బస్సులో పక్కన కూర్చునేవాళ్ళకి తెలియాలిగా? నా కళ్ళు చూడగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లేచిపోయేవాళ్ళు. కంటికీ ముక్కుకీ ఏం సంబంధమో! సరే కదా అని నల్లద్దాలు పెట్టుకుంటే, "చూడు, ఇంట్లో కూడా అద్దాలు, కళ్ళు నెత్తికెక్కాయి" అని పక్కింటావిడ. ఉప్పుడబ్బా, పంచదార డబ్బా పోల్చుకోలేక చారులో పంచదార వేశాను. పాప బడి నుంచి బొమ్మ గీసి తెచ్చి చూపిస్తే "ఏనుగు భలే ఉందే" అన్నాను. అది మా అత్తగారట. పాప ఏడ్చింది, అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నడపలేక నా స్కూటరు బండి మూలన పడింది. డాక్టరమ్మ ఇచ్చిన మాత్రల వల్ల మొహం బూరెలా ఉబ్బింది, అర్ధాకలితో లేచినట్టు ఎప్పుడూ ఆకలే, రాత్రుళ్ళు నిద్ర లేదు. అసలే ముక్కు మీద కోపం, దానికి ఇవన్నీ తోడు. ఇంట్లో వాళ్ళు నన్ను ఎలా భరించారో వాళ్ళకే తెలియాలి.

కానీ అవేవీ నన్ను అంత భయపెట్టలేదు. నా భయం అంతా ఒక్కటే. నేను నాటకాలకి లైట్లు వేస్తాను. లైట్లు వేసేదానికి వెలుతురు పడకపోతే ఇంకేం మిగిలింది?

ఆ సాయంత్రమే మా కొత్త నాటకం మొదటి ప్రదర్శన.

మా ఆయన స్కూటరు వెనక కూర్చుని, అద్దాలు సంచిలో పడేసి, దారి పొడుగునా కేకలు పెడుతూనే ఉన్నాను. "ఏవండీ, ఆ బోర్డు మీద ఫోను నంబరు కనిపిస్తోంది! ఏవండీ, ఆ మేడ మీద ఆరేసిన చొక్కాకి గుండీ లేదు! ఏవండీ, మీకు చెవి దగ్గర నెరిసిపోయిందేంటి?"

"నెరిసి చాన్నాళ్ళయిందే తల్లీ. కాస్త మెల్లగా మాట్లాడు, అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి! నేను కూడా వాళ్ళని చూస్తున్నాను!"

హాలు దగ్గర దింపి, "సాయంత్రం చుక్కలు మర్చిపోకు, ఫోను మోగేలా పెట్టానుగా" అని చెప్పి ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయాడు. ఆయన నా ఫోనులో మందు వేళకి కోడికూత పెట్టాడు. మామూలు గంట పెడితే నేను దాని నోరు నొక్కి పడుకుంటానట. మొదట్లో గంటకోసారి కూసేది ఆ కోడి. రిహార్సలు మధ్యలో అది కూసినప్పుడల్లా ఫోను నొక్కేసి, లైట్ల గది తలుపు వేసుకుని, చీకట్లో తల వెనక్కి వాల్చి చుక్కలు వేసుకునేదాన్ని. మా బృందంలో ఎవరికీ జబ్బు సంగతి చెప్పలేదు. "ఎలర్జీ" అన్నాను, అంతే.

ఎలా చెప్తాను? హాలు మేనేజరు ఎప్పటినుంచో మా డైరెక్టరు సారు చెవిలో జోరీగలా ఒకటే పాట. "చేత్తో లైటు పెంచి తగ్గించే ఈ పాత డిమ్మర్ మీటలు తీసి పారేద్దాం సార్, కంప్యూటరు పెడదాం. ఒకసారి నొక్కితే నాటకం అంతా లైట్లు అవే వస్తాయి, పోతాయి." సారు నవ్వి ఊరుకునేవాడు. నేను మాత్రం ఊరుకునేదాన్ని కాదు. ఏ మీట ఎంత పైకెత్తాలో నేను అంకెలు చూసి పెట్టను. స్టేజీ మీద మనిషి మొహం చూసి పెడతాను. సరిపోయిందనిపించిన చోట మీట పక్కన తెల్ల టేపు ముక్క అంటిస్తాను. అదే నా లెక్క. అలాంటిది నా కన్ను చెడిందని తెలిస్తే, మర్నాడే ఆ పెట్టె వచ్చి నా కుర్చీలో కూర్చుంటుంది. అందుకే రిహార్సల్లో నల్లద్దాలు కూడా తీసేసేదాన్ని. నల్లద్దాల్లోంచి లైటు చూసి సరిచెయ్యడం ఎలా? కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా, తల పగిలిపోతున్నా పళ్ళ బిగువున చూశాను.

ముఖ్యంగా ఈ నాటకం కోసం. కథంతా ఒక రైలు స్టేషన్లో, ప్రయాణీకులు కూర్చునే గదిలో, ఒక్క రాత్రిలో జరుగుతుంది. రాని రైలు కోసం కాచుకున్న, దగ్గుతో బాధపడే ముసలమ్మ, పెళ్ళి తప్పిపోయిన పిల్ల, ఒక స్టేషన్ మాస్టరు. చివర్లో కిటికీలోంచి తెల్లవారుతుంది. మాటలుండవు, పాటలుండవు. వెలుతురు మెల్లగా గదిలోకి వస్తుంది, ఒక్కొక్కరి మొహం మీద పడుతుంది. నాటకం అంతా ఆ తెల్లవారడం కోసమే రాశానని సారే అన్నాడు. ఆ తెల్లవారడం నా చేతిలో ఉంది.

ఒక్క ఉరుకున మెట్లెక్కి లైట్ల గది తలుపు తీశాను. కిందటి వారమంతా సారు ఇంట్లో మాటల రిహార్సలే జరిగింది, లైట్లు ముట్టుకోలేదు. అందుకే మీటల మీద దుమ్ము. ఆ దుమ్ము కూడా ఎంత స్పష్టంగా కనిపించిందో! ముద్దొచ్చింది. కొంగుతో తుడిచి, మొదటి సీను టేపు గుర్తుల దాకా మీటలు ఎత్తాను.

స్టేజీ మీద ఏమీ రాలేదు.

ఏమీ అంటే, ఏదో ఉంది. చూరు కింద పొగలాగా ఏదో మసక. బల్ల ఎక్కడో, ట్రంకుపెట్టె ఎక్కడో పోల్చుకోలేనంత చీకటి. గుండె గుభేలుమంది. డాక్టరమ్మ తేటగా ఉందంది కదా, ఇంతలోనే మళ్ళీ వచ్చిందా? కళ్ళు మూసి తెరిచాను. పక్క గోడ మీద అగ్గిపుల్ల తలంత అక్షరాలు చదివాను. చదవగలిగాను. కన్ను బాగానే ఉంది.

అయితే కరెంటే తక్కువ వస్తోంది! కిందికి పరుగెత్తి కరెంటు పనివాడి మీద పడ్డాను.

"ఇవాళ ప్రదర్శన పెట్టుకుని బల్బులు మాడ్చేశావా? ఏం చూస్తున్నావు నువ్వు?"

"నేనేం చెయ్యలేదమ్మా! మీరు ఎంత ఎత్తితే అంతే వస్తుంది. పూర్తిగా ఎత్తి చూడండి," అన్నాడతను బెదిరిపోయి.

మళ్ళీ పైకి. పెద్ద మీట పట్టుకుని పైదాకా ఎత్తాను. భళ్ళున వెలుతురు! బల్ల, ట్రంకుపెట్టె, గోడ గడియారం, టికెట్ల కిటికీ, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి. ఒక్క బల్బు కూడా మాడలేదు. నా కంట్లో నొప్పి కూడా రాలేదు.

అప్పుడు చూశాను ఆ టేపు ముక్కల్ని. ఇప్పుడున్న ముక్కకి పైన, పీకేసిన పాత ముక్క జిగురు మరక. దానిపైన ఇంకో మరక. దానిపైన ఇంకోటి. ప్రతి మీట పక్కనా అంతే, నిచ్చెన దిగినట్టు కిందికి, కిందికి. నా కళ్ళు వెలుతురు ఓర్చుకోలేక "ఎక్కువైంది, ఎక్కువైంది" అంటుంటే నేను ప్రతి రిహార్సలుకీ కాస్త కాస్త తగ్గించుకుంటూ పోయాను. అంకెలు చూసే మనిషైతే మొదటిరోజే పట్టుకునేది. నేను కంటినే నమ్మాను, ఆ కన్నే మంచం పట్టి ఉంది. నాటకం మొత్తాన్ని కన్ను పొడుచుకున్నా కనిపించని చీకట్లో పెట్టి, పైగా "అద్భుతంగా వచ్చింది" అని నా భుజం నేనే తట్టుకున్నాను.

తల ప్రాణం తోకకొచ్చింది. మధ్యాహ్నం కావస్తోంది, సాయంత్రానికి జనం వస్తారు. లైట్ల గది కిటికీలోంచి మెడ బయటికి పెట్టి ఒకటే అరుపు: "ఎవరున్నారక్కడ? అందరూ స్టేజీ మీదికి రండి! ఒక్కళ్ళు కూడా మిగలొద్దు!"

ముందు మేకప్ చేసే రంగుల మావయ్య వచ్చాడు. వెనకే డైరెక్టరు సారు. ఆ వెనక, స్టేషన్ మాస్టరు వేషం కట్టే మా రాజావారు. ఎప్పుడూ రాజు వేషాలే కట్టి, బయట కూడా కాఫీ చల్లారిందని మందిని ఉరితీసేలా చూస్తాడు కాబట్టి ఆ పేరు. నాకూ ఆయనకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఇవాళ ఆయన కుంటుతూ వచ్చాడు.

"అబ్బా! ఏంటీ వెలుతురు? కళ్ళు పోతున్నాయి!" అని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"పోవు. నావి పోలేదుగా, మీవీ పోవు," అన్నాను దిగి వచ్చి. "అది సరే, ఇన్నాళ్ళూ ఇంత చీకట్లో ఎలా నటించారు మీరంతా? ఒక్కళ్ళకి నోరు లేదా? సీను కనిపించడం లేదు, లైటు పెంచవే అని ఒక్క మాట అనలేకపోయారా?"

సారు గడియారం వైపు చూశాడు, అదేమో సెట్టులోని అట్టముక్క గడియారం. రాజావారు ట్రంకుపెట్టె మీద కూర్చుని పంచె కాస్త పైకి లాగాడు. మోకాలి కింద అంతా కమిలిపోయి, పాతదాని మీద కొత్తది, పసుపుపచ్చగా, నీలంగా.

"ఏమైంది?"

"ఈ ట్రంకుపెట్టే అయింది," అన్నాడు. "రెండో సీన్లో నేను కిటికీ దగ్గరకి గబగబా నడవాలిగా. రోజూ దీనికే గుద్దుకున్నాను."

"మరి చెప్పొచ్చుగా! కాకి చొక్కా మీద రెట్ట వేసిందని గంటసేపు చెప్తారే, ఇది చెప్పడానికేం?"

రంగుల మావయ్య ముక్కు చీదాడు. "గంటకోసారి పైన కోడి కూస్తుంటే మాకు తెలీదనుకున్నావా అమ్మాయ్?"

నా చెయ్యి దానంతటదే కళ్ళ మీదికి పోయింది.

"ఎర్రటి కళ్ళేసుకుని వచ్చేదానివి," అన్నాడు సారు మెల్లగా. "పనిలో అద్దాలు తీసేసేదానివి. పెద్ద లైటు వేసినప్పుడల్లా మొహం పక్కకి తిప్పి కళ్ళు ఒత్తుకునేదానివి. మేం కిందనుంచి చూస్తూనే ఉన్నాం. ఎలర్జీ అన్నావు. సరే, ఎలర్జీయే అనుకున్నాం."

"అడగొచ్చుగా!"

"అడిగితే నువ్వు మానేసి వెళ్ళిపోతావని ఈయన భయం," అని మావయ్య రాజావారి వైపు చూపించాడు. "లైటు పెంచమని చెప్దామని సారు బయల్దేరితే ఈయనే చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ పిల్లని తగ్గించుకోనివ్వండి, మనమే చీకట్లో నేర్చుకుందాం, అన్నాడు. రోజు రోజుకీ నువ్వు తగ్గిస్తున్నావు, రోజు రోజుకీ నేను మొహాలకి సున్నం మందంగా కొడుతున్నాను."

"మాటలు చేరవేస్తారేంటి మావయ్యా," అని రాజావారు గోడ వైపు తిరిగాడు. "ఆవిడ లేకపోతే ఆ తెల్లవారేది ఎవరేస్తారు? ఆ మేనేజరు పెట్టె వేస్తుందా? నా ముసలి మొహం మీదికి వెలుతురు ఎప్పుడు రావాలో దానికేం తెలుసు?"

ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నేను కోపాన్నే ముందు పంపిస్తాను. "బుద్ధుందా మీకు? జనం వచ్చి ఏం చూస్తారు? చీకట్లో నాటకం ఆడేస్తారా?"

"ఆడేద్దామనే అనుకున్నాం," అన్నాడు సారు. "నీ కన్ను బాగుపడితే చూసే నాటకం, బాగుపడకపోతే వినే నాటకం."

అప్పుడు ఏడ్చేశాను. భోరుమని, సిగ్గు లేకుండా, చిన్నపిల్లలా. ఏడుస్తూనే "నాకు తగ్గిపోయింది, రెండు కళ్ళకీ తగ్గిపోయింది" అని చెప్పాను. మావయ్య నా నెత్తి మీద చెయ్యి వేశాడు. రాజావారు మాత్రం "అయితే ఏడ్చి మళ్ళీ ఎర్రగా చేసుకోకు" అని కసిరాడు.

ఆ తర్వాత చూడాలి మా హడావుడి! ఒక్కొక్క సీనూ ఆపి, నటుల్ని నిలబెట్టి, మొహాలు చూసి మీటలు ఎత్తాను. పాత టేపులు పరపరా పీకాను, కొత్తవి అంటించాను. మావయ్య వేసిన మేకప్పు ఆ వెలుతుర్లో చూస్తే పెళ్ళి తప్పిపోయిన పిల్ల కాస్తా పిండిమరలోంచి లేచొచ్చినట్టుంది. కడిగించి మళ్ళీ వేయించాం. చీకట్లో లెక్కపెట్టుకుని నడవడం అలవాటైన కాళ్ళు వెలుతుర్లో తడబడ్డాయి. ముసలమ్మ వేషం ఆవిడ బల్ల కళ్ళెదుట కనిపిస్తున్నా చేత్తో తడిమి కూర్చుంటోంది. "కళ్ళతో చూసి కూర్చోండి పిన్నిగారూ!" అని పైనుంచి నా కేకలు. కోడి కూసింది కాబట్టి మధ్యాహ్నం చుక్కలు వేసుకున్నాను గానీ, భోజనం ఎవరికి గుర్తుంది? తెల్లవారే సీను మాత్రం సరిచూసుకోవడానికి వేళ మిగల్లేదు. అప్పటికే తలుపు దగ్గర జనం గోల వినిపిస్తోంది.

"నాకు చేతికొచ్చు. కంటికీ వచ్చు," అన్నాను సారుతో.

తెర లేచే ముందు అందరికీ గట్టిగా చెప్పాను. "ఫోన్లు ఆపండి! ఎవరి ఫోనైనా మోగిందో, వాళ్ళ మీద లైటు వేసి నిలబెడతాను!"

నాటకం మొదలైంది. హాలు నిండా జనం. మొదటి సీను, వాళ్ళకి మొహాలు కనిపిస్తున్నాయి! రెండో సీన్లో రాజావారు గబగబా కిటికీ దగ్గరకి నడిచాడు. ట్రంకుపెట్టెని చూశాడు, పక్కనుంచి దర్జాగా తప్పుకున్నాడు. నేను పైన గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. ముసలమ్మ దగ్గు, పిల్ల మౌనం, ఎక్కడో రైలు కూత, ఆ రైలు ఆగకుండా పోవడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి.

చివరి సీను వచ్చింది. స్టేజీ మీద చీకటి, ఈసారి కావాలని వేసిన చీకటి. నేను కిటికీ వెనకున్న లైటు మీట మీద వేళ్ళు పెట్టాను. ముందు బూడిద రంగు. తర్వాత కొంచెం, ఇంకొంచెం. కిటికీ చువ్వల నీడలు నేల మీద సాగాయి. వెలుతురు ట్రంకుపెట్టె ఎక్కింది, పిల్ల పాదాల మీద పడింది. నా కళ్ళు నొప్పెట్టలేదు. ఈగలు లేవు. చువ్వ నీడ అంచు దారంలా కనిపిస్తోంది. సంతోషంతో నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. హాల్లో చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం.

"కొక్కొరొకో!"

నా పైప్రాణాలు పైనే పోయాయి. నా ఫోనే! ఊరందరికీ చెప్పి నాది నేను ఆపుకోలేదు! కుడి చెయ్యి మీట మీద ఉంది, వదిల్తే వెలుతురు అదురుతుంది. ఎడం చేత్తో సంచి తడుముతున్నాను. అది ఇంకోసారి, గొంతెత్తి మరీ, "కొక్కొరొకో!"

జనంలో ఎవరూ నవ్వలేదు. తెల్లవారుతోంది, కోడి కూసింది. ఇందులో వింతేముంది వాళ్ళకి? నాటకంలో భాగమే అనుకున్నారు. కానీ స్టేజీ మీదున్న ప్రతి ఒక్కరికీ తెలుసు అదెక్కడి కోడో. ఇప్పుడు రాజావారు "తెల్లారింది" అనాలి. దాంతో నాటకం అయిపోవాలి.

ఆయన అనలేదు. గోడ గడియారం చూశాడు. ముసలమ్మ వైపు తిరిగాడు. తాపీగా, ఆ రాజు గొంతుతో, "కోడి కూసిందమ్మా. మందు వేసుకునే వేళయింది. వేసుకో, తొందరేం లేదు. మేం ఇక్కడే ఉంటాం," అన్నాడు.

ముసలమ్మ వేషం ఆవిడ తడుముకోలేదు. చీర చెంగు ముడి విప్పడం మొదలుపెట్టింది, ఒక్కొక్క మడతా, నింపాదిగా. పిల్ల లేచి కూజాలోంచి నీళ్ళు వంచడానికి వెళ్ళింది. రాజావారు చేతులు వెనక్కి కట్టుకుని, తల ఎత్తి, సరిగ్గా నా కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఫోను నోరు నొక్కి, సంచిలోంచి మందు సీసా తీశాను. మూత పళ్ళతో లాగాను. కుడి చేత్తో మీటని వెంట్రుకవాసి చొప్పున ఎత్తుతూనే, తల వెనక్కి వాల్చి, ఒక కంట్లో ఒక చుక్క, రెండో కంట్లో ఒక చుక్క వేసుకున్నాను.

లోకమంతా చెమ్మగా అలుక్కుపోయింది. స్టేజీ మీద నాకు ఏదీ కనిపించడం లేదు, పసుపుపచ్చటి వెలుతురు తప్ప. భయం వెయ్యలేదు. కింద వాళ్ళున్నారు, ఆగారు, నా కోసం చూస్తున్నారు. మీటని పైదాకా తీసుకెళ్ళి ఆపాను. రెప్పలు రెండుసార్లు ఆర్పేసరికి ఒక్కొక్క మొహమే తేటపడింది. ముందు పిల్ల, తర్వాత ముసలమ్మ, ఆఖర్న నుదుటి మీద ముడతలతో సహా రాజావారు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, అయిందన్నట్టు ఊపాను.

"తెల్లారింది," అన్నాడాయన.